పన్నెండేళ్ళు, కిలో మూడొందల నలభై

మళ్ళీ ఎర్రబడింది. పడితే పడనీ, పొద్దున్నుంచీ ఇదే వరస, పచ్చ గీతలు ఒకదాని కింద ఒకటి బుద్ధిగా దిగుతూ వస్తాయి, ఇంక గట్టెక్కినట్టే అనుకునేసరికి ఎక్కడో అడుగున ఒక్క ఎర్ర గీత, అంతటితో అంతా ఆగిపోతుంది. నిన్న సాయంత్రం ఇదే దారిన చక్కగా వెళ్ళింది కదా తల్లీ, ఇవాళ నీకేమొచ్చింది. భోజనాల వేళ, ఆఫీసంతా ఖాళీ, కుర్చీలు ఎటు పడితే అటు తిరిగున్నాయి, ఎవరో ఫ్యాను ఆపకుండా పోయారు, దాని కింద ఒక కాగితం లేవబోతూ పడిపోతూ ఉంది. నేనూ నా ఎర్ర గీతా మిగిలాం. నా పనే ఇంత. మిగతావాళ్ళు ప్రోగ్రాము రాస్తారు, దానికి కావలసిన సామగ్రి ఎక్కడెక్కడినుంచో తెచ్చి, ఒకచోట కూర్చి, పరీక్షలన్నీ పెట్టి, అన్నీ పాసై పచ్చబడితే ఆసుపత్రుల్లో ఉన్న మెషీన్లకి చేర్చే బాధ్యత నాది. చేత్తో కాదు, పైథాన్‌లో రాసి పెట్టిన కంప్యూటరు స్క్రిప్టులు చేస్తాయి, పైపులో నీళ్ళలా ఈ చివర వేస్తే ఆ చివర తేలాలి. అందుకని నాకు పైపులమ్మ అని పేరు పెట్టారు. పెట్టుకోనీ, పైపు పగిలిన రోజున ఆ అమ్మే కావాల్సొస్తుంది అందరికీ.

ఇవాళ కావాల్సొచ్చింది. మా ప్రోగ్రాము రోగి వయసూ బరువూ చూసి మందు ఎంత వెయ్యాలో లెక్కకట్టి, సీసాకి అంటించే చీటీ అచ్చు వేస్తుంది. నిన్న పంపిన దాంట్లో చుక్క పడటం లేదు. సున్నా పాయింట్ ఐదు అని పడాల్సిన చోట ఐదు అని పడింది, పిల్లల వార్డులో. హెడ్ సిస్టర్ కళ్ళల్లో వత్తులేసుకుని చూసే మనిషి కాబట్టి మొదటి చీటీ దగ్గరే పట్టుకుంది, లేకపోతే ఏమయ్యేదో నేను ఆలోచించను. అప్పట్నుంచీ వార్డులో చీటీలన్నీ చేత్తో రాసుకుంటున్నారు. వెనక్కి పాతదానికి పోదామంటే నిన్ననే అక్కడ కొత్త ప్రింటర్లు పెట్టారు, వాటి భాష పాతదానికి రాదు. తప్పు దిద్దడానికి ఒక్క వరస కోడు చాలింది, దిద్దేశారు కూడా. ఆ దిద్దిన వరస నా పైపులో ఇరుక్కుంది. "అమ్మా, మూడింటి మందుల రౌండు లోపల వస్తుందా, మధ్యాహ్నం డ్యూటీకి వచ్చేది కొత్త నర్సు పిల్లలు, వాళ్ళ చేతిరాత మీద నాకు నమ్మకం లేదు," అంది సిస్టర్ ఫోన్లో, కోపంగా కాదు, మామూలుగానే, అదే నాకు ఎక్కువ తగిలింది. వస్తుందండీ అన్నాను. ఏ ధైర్యంతో అన్నానో నాకే తెలీదు.

మేనేజరు మంచివాడే, పాపం, భోజనానికి పోతూ నా బల్ల దగ్గర ఆగి, చెయ్యి కడుక్కోడానికి చొక్కా చేతులు మడుచుకుంటూ, "పైపులమ్మగారూ, వేలకి వేల టెస్టుల్లో ఫెయిలై పడేది ఒక్కటే కదా, పాతది, ఎప్పటిదో. తీసి అవతల పారేసి పంపేద్దాం. నేను వచ్చేసరికి పని అయిపోవాలి," అన్నాడు. న్యాయమే. నేనైనా అదే అంటాను. వార్డులో పసివాళ్ళుంటే ఇక్కడ ఒక పాత టెస్టుకి పీట వేసి కూర్చోబెడతామా. అయినా సరే, ఎందుకు పడిందో తెలుసుకోకుండా తీసేయడం నా ఒంటికి పడదు, ఏ పుట్టలో ఏ పాముందో. రౌండుకి ఇంకా టైముంది. ఇలాంటి మొండితనం నాకు ఇవాళ మరీ ఎక్కువగా ఉంటుంది.

ఇవాళ అంటే ఈ తారీఖు. ఈ తారీఖు గురించి మా ఇంట్లో మాట్లాడుకోం. మాట్లాడుకోకూడదని ఎవరూ అనలేదు, అలా జరిగిపోయిందంతే. ఈ తారీఖున మాకొక పాప పుట్టింది, నెలలు నిండకుండా, నాలుగు రోజులుంది. మళ్ళీ పిల్లలు కలగలేదు. ఈ రోజున మా ఆయన మామూలుకంటే ముందు లేచి బూట్లు తుడుచుకుంటాడు, తుడిచినవే మళ్ళీ తుడుస్తాడు, నేను ఉతికిన బట్టలు మళ్ళీ మడత పెడతాను, ఇద్దరం ఒకళ్ళనొకళ్ళు దాటుకుంటూ తిరిగి తిరిగి ఎవరి పనికి వాళ్ళం తొందరగా పోతాం. ఇవాళ పొద్దున తాళం వేస్తూ "సాయంత్రం కూరగాయలు నేను తెస్తాలే" అన్నాడు. ఈ తారీఖు మీద మా మధ్య ఇన్నేళ్ళలో నడిచిన అతి పెద్ద సంభాషణ ఇదే అయ్యుంటుంది. ఒకప్పుడు ఆయనా ఈ ఆఫీసులోనే పనిచేశాడు, ఆ కిటికీ పక్క బల్ల ఆయనదే. తర్వాత ఇది మానేసి బళ్ళో పంతులు పనికి పోయాడు. అక్కడా నిలకడ లేదు మనిషికి. మొదట ఒకటో క్లాసు కావాలన్నాడు, ఏడాది తిరిగేసరికి రెండో క్లాసు అన్నాడు, ఆ తర్వాత మూడు. ఏటా పై క్లాసుకి మార్చమని అడుగుతాడు, ఇప్పుడు ఏడు చెబుతున్నాడు. "ఫెయిలవకుండా చదువుకుంటున్నావు, పోనీలే, పది దాకా లాగితే ఉద్యోగం వెతుకుదాం," అని నేను ఎగతాళి చేస్తే నవ్వి ఊరుకుంటాడు.

సరే, పనిలోకి రా. ఇవాళ మారిందల్లా ఆ చుక్క వరస ఒక్కటే, ముందు అనుమానం దానిమీదికే పోవాలి. చుక్కకీ పడిన టెస్టుకీ నక్కకీ నాగలోకానికీ ఉన్నంత దూరం. అయితే తేడా సామగ్రిలో ఉండాలి. దాచిపెట్టుకున్న ప్యాకేజీలన్నీ చెరిపేసి మళ్ళీ మొదట్నుంచీ తెప్పించాను. తెరమీద ఒక్కొక్కటీ దిగుతుంటే చూస్తూ కూర్చున్నాను. ఈ దృశ్యానికి నేను ఎప్పుడూ అలవాటు పడలేదు, ఇన్నేళ్ళైనా నాకు దీని ముందు నోరు తెరుచుకునే ఉంటుంది. ఇది సంఖ్యల్ని గుండ్రం చేసేది. ఇది తారీఖులు లెక్కపెట్టేది. ఇది కాగితం మీద అక్షరం ఎక్కడ పడాలో చెప్పేది. వీటిలో ఒక్కటీ మేము రాసింది కాదు. ఎవరో, ఎక్కడివాళ్ళో, తెల్లవారుజామున పిల్లాణ్ణి ఒళ్ళో వేసుకుని ఒకడు, ఉద్యోగం పోయి ఇంట్లో ఖాళీగా కూర్చుని ఒకావిడ, రాసి, తీసుకోండర్రా అని లోకం మీదికి వదిలేశారు. ఎవరికి పనికొస్తుందో వాళ్ళకి తెలీదు. ఒక వార్డులో, ముక్కుకి గొట్టం పెట్టిన ఒక పిల్లకి ఎన్ని చుక్కల మందు వెయ్యాలో చెప్పడానికి వీళ్ళందరూ ఇప్పుడు నా తెరమీద వరస కట్టి నిలబడుతున్నారు, ఒకరి ముఖం ఒకరు ఎరగరు. పిలిస్తే వచ్చారు, అందరూ వచ్చారు, ఒక్కరూ తప్పిపోలేదు. అయినా ఎర్ర గీత.

మెషీను మార్చాను. పైథాన్ వెర్షను సరిచూశాను. నా సొంత కంప్యూటర్లో నడిపాను, మా పనివాళ్ళ తారకమంత్రం ఉంది కదా, నా దాంట్లో బాగానే ఉందండీ అనేది, ఆ మాట అనే అదృష్టం కూడా ఇవాళ లేదు, ఇందులోనూ పడింది. అప్పుడు ఒక పని చేశాను. ఇవాళ్టి కోడు పక్కన పెట్టి, నిన్న సాయంత్రం పచ్చగా పాసైన కోడునే, ఒక్క అక్షరం మార్చకుండా, మళ్ళీ పైపులో వేశాను. ఎర్రబడింది. నిరుడు పాసైంది వేశాను. ఎర్రబడింది. ఎప్పుడో కొత్త కుర్చీలు రాని రోజుల నాటిది వెతికి వేశాను, అదీ ఎర్రబడింది. నా చేతిమీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. పాసైపోయిన పాత రోజులన్నీ ఇవాళ వెనక్కి తిరిగి ఒక్కటొక్కటిగా ఫెయిలవుతున్నాయి. కోడు మారలేదు. సామగ్రి మారలేదు. మెషీను మారలేదు. మేమెవరం ఏమీ ముట్టుకోలేదు. నిన్నటికీ ఇవాళ్టికీ మధ్య ఈ మొత్తం గదిలో మారింది ఒక్కటే, రోజు.

అప్పుడు చదివాను, ఎర్ర గీత కింద ఏం రాసుందో. నవ్వొస్తుంది గానీ మా వాళ్ళలో ఎవర్నడిగినా ఇదే జబ్బు, గోడలు బద్దలుకొట్టి పైపులన్నీ పీకుతాం గానీ గుమ్మానికి అంటించిన కాగితం చదవం. నాది మరీను. నాది పైపుల పని, లోపల పారే నీళ్ళ సంగతి నాకెందుకు అనుకుంటాను, ఏ టెస్టులో ఏముందో నేనెప్పుడూ తెరిచి చూసిన పాపాన పోలేదు. చదివితే ఇలా ఉంది: రోగి వయసు పన్నెండేళ్ళు, బరువు ఒక కిలో మూడు వందల నలభై గ్రాములు, ఈ రెండూ పొసగవు. ముందు పకపకా నవ్వాను, ఖాళీ ఆఫీసులో ఒక్కదాన్నే. పన్నెండేళ్ళ పిల్ల కిలో మూడొందల నలభై ఉంటే నమ్మే వెర్రిదాన్నా అని ప్రోగ్రాము అలిగింది. విషయం అర్థమైపోయింది. టెస్టు కోసం ఎవరో ఒక ఉత్తుత్తి పసిపిల్లని కల్పించారు, పుట్టిన తారీఖు ఇచ్చారు, బరువు ఇచ్చారు. బరువు రాసింది రాసినట్టే ఉండిపోయింది. వయసు మాత్రం ప్రోగ్రాము ఎప్పటికప్పుడు ఇవాళ్టి తారీఖులోంచి లెక్కకడుతుంది. పిల్లల మోతాదు పట్టిక బరువొక్కటే చూస్తుంది కాబట్టి ఇన్నాళ్ళూ గొడవలేదు. పన్నెండు నిండగానే పెద్దవాళ్ళ పట్టికలోకి పోతారు, అక్కడ గుమ్మంలో కాపలా ఉంది, ఇంత తక్కువ బరువుంటే లోపలికి రానివ్వదు. ఉత్తుత్తి పిల్లకి ఇవాళ పన్నెండు నిండాయి. ఇవాళ నిండాయి. కిలో మూడొందల నలభై.

నవ్వు ఎప్పుడు ఆగిందో తెలీదు. తల్లికి గ్రాములు చెప్పాలా. అద్దాల పెట్టె, దాని కింద తూకం, ఎర్రటి అంకెలు కదిలి కదిలి నిలిచిన చోటు నాకు తెలుసు. చక్రాల కుర్చీలో నన్ను తోసుకొచ్చి ఆ పెట్టె ముందు ఆపారు, దానికున్న గుండ్రటి కిటికీలోంచి చెయ్యి పెడితే నా చిటికెనవేలు పట్టుకుంది, పట్టుకోవడమంటే అదేమీ మామూలు పట్టు కాదు, చూడ్డానికే అంత చిన్నది. పేరు పెట్టలేదు. వార్డులో పేరు పెట్టని పిల్లలకి తల్లి పేరు రాసి పక్కన పాప అనో బాబు అనో అంటిస్తారు. టెస్టు ఫైలు తెరిచాను. రోగి పేరు రాయాల్సిన చోట నా పేరుంది. పక్కన, పాప.

ఏ వరస ఎవరు రాశారో చూపించే సౌకర్యం మా పనిలో ఉంది, తప్పు ఎవరి నెత్తిన రుద్దాలో తేల్చుకోడానికి తప్ప దాన్ని ఎవరూ వాడరు. దాన్ని వాడాల్సిన అవసరం కూడా నాకు లేదు, అయినా వాడాను, ఆయన పేరు కనబడింది. రాసిన తారీఖు, అంతా అయిపోయి ఆయన మళ్ళీ ఆఫీసుకి పోయిన మొదటి రోజు. నేనింకా మంచం మీదే ఉన్నాను, లేచి పనికి వెళ్ళిపోయాడే రాతిమనిషి అని గోడవైపు తిరిగి పడుకున్న రోజు. ఆ కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని ఇది రాశాడు. పక్కన వివరం రాసే చోట, పసిపిల్లల మోతాదు సరిగ్గా పడుతోందో లేదో చూడటానికి, అని మాత్రం ఉంది. ఇంకే ముక్కా లేదు.

అంటే ఇన్నేళ్ళూ ఇక్కడుందన్నమాట. నా పైపులోనే ఉంది. ఎవరు ఏ మూల ఒక్క అక్షరం మార్చినా, రోజుకి ఎన్నిసార్లైనా, నేను మీట నొక్కిన ప్రతిసారీ, పాప పుట్టింది, తూకం వేశారు, మందు లెక్కకట్టారు, సరిపోయింది, పచ్చ గీత. నేను విసుక్కుంటూ నొక్కినప్పుడు, జలుబుతో ముక్కు చీదుకుంటూ నొక్కినప్పుడు, మేనేజరుతో పోట్లాడి కోపంగా నొక్కినప్పుడు. వెళ్ళే పచ్చ గీతల్లో ప్రతిసారీ ఒకటి తనది. నేను చూడలేదు, చూడకపోయినా నా చేతిమీదుగానే వెళ్ళింది. పైగా ఊరికే లేదు, పెరిగింది. ఎవరూ అన్నం పెట్టలేదు, ఎవరూ జడ వెయ్యలేదు, రోజుకి ఒక్క రోజు చొప్పున, ఎగ్గొట్టకుండా, బుద్ధిగా పెరిగి ఇవాళ పొద్దున పన్నెండు నిండి పెద్దవాళ్ళ గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది. లోపలికి రానివ్వకపోతే మొత్తం ఆపి కూర్చుంది. దాని మొండితనం ఎవరిదో నాకు తెలుసు. నా కళ్ళనీళ్ళు గడ్డం దాకా వచ్చాక గానీ ఏడుస్తున్నానని తెలీలేదు, ఏడుపు కాదు అది, నాకు పేరు తెలీదు, ఒళ్ళంతా ఒకటే ఆశ్చర్యం.

"తీసేశారా?" మేనేజరు వచ్చాడు, చెయ్యి తుడుచుకుంటూ. తీయను అన్నాను. నా ముఖం చూసి ఒకడుగు వెనక్కి వేశాడు. "టెస్టు పాతబడి పడలేదండీ, పిల్ల పెద్దదై పడింది. సరిచేస్తాను, రౌండుకి ముందే పంపిస్తాను. మీరు కొంచెం అవతలికి వెళ్తే తొందరగా అవుతుంది," అన్నాను. మేనేజరు పోతూ పోతూ తిరుగుతున్న ఆ ఫ్యాను ఆపి పోయాడు.

ఇలాంటిదానికి మందు మా అందరికీ తెలిసిందే, టెస్టు నడిచినంతసేపూ గడియారం ఆపేయాలి. ఇవాళ అంటే ఫలానా తారీఖు అని మేకు కొట్టినట్టు కొట్టేస్తే పిల్ల మరి పెరగదు. రెండు వరసల పని. ఏ తారీఖు అన్న దగ్గర చెయ్యి ఆగింది. నాలుగు రోజుల్లో ఏ రోజు. మొదటి రోజు ఊపిరికి కష్టపడింది. మూడో రోజు డాక్టరు నా కళ్ళల్లోకి చూడకుండా మాట్లాడాడు. రెండో రోజు పెట్టాను. ఆ రోజు బాగుంది, ఆ రోజే వేలు పట్టుకుంది. ఆ ఒక్క టెస్టు నడిపాను, పచ్చగా వచ్చింది. పంపేయొచ్చు. గడియారం చూశాను, ఇంకా ఉంది. దాని కిందే ఇంకో టెస్టు మొదలుపెట్టాను, అదే పేరు, అదే పుట్టిన తారీఖు, గడియారం ఆపలేదు, పెద్దవాళ్ళ పట్టిక. బరువు. బరువు దగ్గర ఖాళీగా మిణుకుమంటోంది. ఎంత రాయను, నాకేం తెలుసు, నేను ఏ పన్నెండేళ్ళ పిల్లనైనా ఎప్పుడు ఎత్తుకున్నాను గనుక. ఫోన్ చేశాను.

"క్లాసులో ఉన్నావా?"

"లేదు, స్టాఫ్ రూములో. ఏమైంది?"

"ఏం కాలేదు. పన్నెండేళ్ళ ఆడపిల్ల ఎంత బరువుంటుంది?"

ఎవరని అడగలేదు, ఎందుకని అడగలేదు. "ముప్పై ఏడున్నర," అన్నాడు, ప్రశ్న ఎప్పుడడుగుతారా అని కాచుక్కూర్చున్నవాడిలాగా. మళ్ళీ తనే, "బళ్ళో ఏటా తూస్తాం కదా, మా క్లాసు ఆడపిల్లలు చాలామంది నలభై దాకా ఉన్నారు. మనది పుట్టుకే చిన్నది, అందుకని కాస్త తగ్గించాను," అన్నాడు.

ఒకటో క్లాసు. రెండు. మూడు. ఏటా పై క్లాసుకి. దాని ఈడు పిల్లలతో పాటు ఒక్కో క్లాసూ ఎక్కుతూ వచ్చిన మనిషిని పట్టుకుని నిలకడ లేదన్నాను, పది దాకా లాగు ఉద్యోగం వెతుకుదాం అన్నాను. రాతిమనిషి అన్నాను. ఫోను చెవికి అలాగే పెట్టుకుని ముప్పై ఏడు, చుక్క, ఐదు కొట్టాను. చుక్క పడిందో లేదో రెండుసార్లు చూసుకున్నాను.

"టెస్టు పడిందా?" అన్నాడు.

"పడింది. ఇలా పడుతుందని నీకు తెలుసా?"

"తెలుసు. పన్నెండు రాగానే పెద్దల పట్టిక కదా."

"మరి అప్పుడే గడియారం ఆపి ఉండొచ్చుగా, రెండు వరసల పని."

వెనక బళ్ళో పిల్లల గోల వినబడుతోంది. "ఆపబుద్ధి కాలేదు," అన్నాడు.

మీట నొక్కాను. పచ్చ గీతలు దిగడం మొదలుపెట్టాయి. రెండు టెస్టుల్లో ఒకదాని గడియారం ఆపానని, రెండోదానిది ఆపలేదని చెప్పాను. పెద్దవాళ్ళ పట్టిక మీద ఇంకో గుమ్మం ఉంది కదా, అరవై ఐదు నిండితే ముసలివాళ్ళ పట్టిక, మళ్ళీ ఆ రోజున పడుతుందిలే అన్నాను. "అప్పటికి మనం ఉండం," అన్నాడు, గొంతులో నవ్వుంది. పైపులుంటాయిలే, ఎవరో ఒక అమ్మ ఉంటుంది దగ్గర అన్నాను. ఎవరో ఒకావిడ ఆ రోజున తల పట్టుకుని, ఎవరూ ఏమీ ముట్టుకోలేదే, ఎందుకు పడింది అనుకుంటూ ఉంటుంది. ముట్టుకోకపోయినా పెరుగుతాయమ్మా కొన్ని. అడుగు దాకా వచ్చింది. ఎర్ర గీత లేదు. దిద్దిన చుక్క వార్డు మెషీన్లోకి పోతోందని కింద మెల్లగా రాసుకుంటూ పోతోంది. అవతలి బల్లమీద ఆఫీసు ఫోను మోగి, మేనేజరు తీసుకుని, సిస్టర్ చీటీ అచ్చు వేసి చూసుకుందట, చుక్క పడిందట అని అక్కణ్ణించే చెయ్యి ఊపి చెప్పాడు.

"ఉన్నావా?" అన్నాను.

"ఉన్నాను. ఎత్తు అడగవేం?"

"ఈ ప్రోగ్రాముకి ఎత్తు అక్కర్లేదు."

"దానికి కాదు."

అందరూ భోజనాలు ముగించుకుని వస్తున్నారు, కుర్చీలు సర్దుకుంటున్నారు. లేచి నిలబడ్డాను, ఎందుకో కూర్చుని వినాలనిపించలేదు. చెప్పు అన్నాను.

"నీ చెవి దాకా వస్తుంది," అన్నాడు.